ఇద్దరే పడవలో విశాఖ నుంచి కాకినాడ: మొదటి రాత్రి ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలి

మేమిద్దరం ఏటా చలికాలం చివర్లో మా తెరచాప పడవలో విశాఖ నుంచి కాకినాడ వెళ్తాం. నెల రోజులు కాకినాడ బేలోనే (అఖాతంలోనే) పడవలో కాపురం ఉండి తిరిగి వస్తాం. ఈ సంగతి తెలిసినవాళ్ళందరూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఇద్దరే ఎలా వెళ్తారండీ? మేమూ వెళ్ళాలంటే ఏం చెయ్యాలి?" ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. మీ ఇద్దరిలో ఎవరు పడకేసినా, రెండో మనిషి ఒక్కరే పడవని క్షేమంగా ఒడ్డు చేర్చగలగాలి. ఆయన నడుపుతారు, ఆవిడ టీ పెడతారు అనే పద్ధతిలో బయల్దేరితే పడవలో ఇద్దరున్నా పనికొచ్చేది ఒక్కరే. కింద రాసిన ప్రతి పనీ ఇద్దరూ విడివిడిగా చేసి చూసుకోండి. విశాఖలోనే పుట్టి పెరిగిన స్వాతి పాతర్లపల్లి 2017-18లో మరో ఐదుగురు మహిళా నేవీ అధికారులతో కలిసి తరిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చారు. చుక్కాని పట్టుకోవడం ఆడవాళ్ళ పని కాదని మన ఊళ్ళో ఇక ఎవరూ అనకూడదు.

ఇది కొత్తగా ఈత, పడవ నేర్చుకునేవాళ్ళ కోసం కాదు. ఏదైనా సెయిలింగ్ స్కూల్లో పాఠాలు నేర్చుకుని, సొంత పడవ ఉండి, పగటిపూట ఒడ్డు దగ్గర తిరగడం అలవాటైన జంటల కోసం. మాది 27 అడుగుల ఫైబర్ పడవ, చిన్న డీజిల్ ఇంజిను ఉంది. లెక్కలన్నీ ఆ సైజుకి సరిపోయేవి.

కావలసినవి

- ఇద్దరికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్లు. ప్రతి జాకెట్‌కీ ఈల, చిన్న లైటు ఉండాలి.
- రెండు హార్నెస్‌లు (ఒంటికి కట్టుకునే పట్టీలు), వాటిని పడవకి తగిలించే తాళ్ళు. అణియం (ముందు కొన) నుంచి అమరం (వెనక కొన) దాకా పడవ పొడవునా గట్టిగా కట్టిన ఒక తాడు.
- విసరడానికి రింగు, దానికి నీళ్ళలో తేలే తాడు. పైకెక్కడానికి నిచ్చెన.
- లైసెన్సు ఉన్న వీహెచ్ఎఫ్ రేడియో (ఓడలతో, పోర్టుతో మాట్లాడేది). చేతిలో పట్టుకునే రేడియో ఒకటి అదనంగా.
- జీపీఎస్, లోతు చూపించే మీటరు, దిక్సూచి. మన తీరానికి డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వేసిన కాగితం చార్టు, అంటే సముద్రపు మ్యాపు. ఫోన్లో మ్యాప్ ఉంది కదా అని చార్టు మానేయకండి. ఫోను తడిస్తే మీ దగ్గర ఏమీ మిగలదు.
- రెండు లంగర్లు. పెద్దదానికి కనీసం 10 మీటర్ల గొలుసు, 50 మీటర్ల తాడు.
- చేత్తో కొట్టే పంపు, రెండు బకెట్లు.
- పదునైన కత్తులు రెండు. ఒకటి చుక్కాని దగ్గర ఒరలో, ఒకటి లోపల. ఇది ఎందుకో ఏడో మెట్టులో చెప్తాను.
- పగటికి, రాత్రికి పనికొచ్చే ప్రమాద సంకేతాలు. గడువు తేదీ చూసి కొనండి.
- మందుల పెట్టె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీళ్ళు, తిండి.

శాటిలైట్ ఫోన్ కొందామా అని చాలామంది అడుగుతారు. మన దేశంలో అనుమతి లేకుండా అది వాడటం నేరం. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిచ్చినా తీసుకెళ్ళకండి.

1. కాలం ఎంచుకోండి

జనవరి చివర వెళ్ళండి, ఫిబ్రవరి చివరిలోనో మార్చి మొదట్లోనో తిరిగి రండి. దీనికో లెక్క ఉంది. జనవరిలో ఇంకా ఈశాన్యపు గాలి ఉంటుంది, కానీ జోరు తగ్గి ఉంటుంది. విశాఖ నుంచి కాకినాడకి నైరుతి దిక్కుగా వెళ్తాం కాబట్టి ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. ఫిబ్రవరి దాటేసరికి గాలి దక్షిణం నుంచి వీస్తుంది, తీరం వెంబడి సముద్రపు ప్రవాహం కూడా ఉత్తరానికి మళ్ళుతుంది. తిరుగు ప్రయాణానికి రెండూ సాయం.

అక్టోబరు, నవంబరు, డిసెంబరు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటిన సంగతి విశాఖవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే కూడా వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వలలు తక్కువ ఉంటాయి, అప్పుడు వెళ్తే సులువు కదా అని ఒకరిద్దరు అడిగారు. కానీ అప్పుడు దక్షిణపు గాలి మధ్యాహ్నానికి బాగా ముదురుతుంది, ఎండకి పడవ పెనంలా కాలుతుంది, తుఫాను భయం మళ్ళీ మొదలవుతుంది. సాయానికి వచ్చే బోట్లు కూడా హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి.

రోజు కోసం పంచాంగం చూడండి. పౌర్ణమికి అటూ ఇటూ రెండు రోజులైతే రాత్రంతా దాదాపు వెన్నెల ఉంటుంది. వలలకి కట్టిన తేలే ముక్కలు కాస్తయినా కనిపిస్తాయి. కాకపోతే పౌర్ణమికి ఆటుపోట్లు కూడా పెద్దవి. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా అప్పుడు సుమారు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. లంగరు వేసేటప్పుడు ఈ తేడా లెక్కలో ఉండాలి.

2. ముందు భీమిలి మూడుసార్లు

ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి సుమారు 15 నాటికల్ మైళ్ళు (ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు). గంటకి ఐదు చొప్పున మూడు గంటల దారి. ఒకసారి మొత్తం ఆవిడే నడపాలి, ఆయన ఏమీ ముట్టుకోకూడదు. ఇంకోసారి ఆయన నడపాలి, ఆవిడ ముట్టుకోకూడదు. మూడోసారి భీమిలి ఎదురుగా లంగరు వేసి రాత్రి పడుకోండి.

రెండో మనిషి సలహా కూడా ఇవ్వకూడదు. ఇది కష్టం. నేను మొదటిసారి నడిపినప్పుడు మా ఆయన రుషికొండ దాటేదాకా పెదవి బిగబట్టుకుని కూర్చున్నారు, ఆ తర్వాత ఆగలేక తెర తాడు తానే లాగేశారు. ఆ రోజు లెక్కలోకి రాదని ఇద్దరం ఒప్పుకుని, మళ్ళీ ఇంకోరోజు వెళ్ళాం.

సరిగ్గా నేర్చుకున్నారో లేదో ఇలా చూసుకోండి. ఇద్దరూ విడివిడిగా ఇంజిను స్టార్ట్ చెయ్యగలగాలి, తెర దించగలగాలి, లంగరు వేసి మళ్ళీ తియ్యగలగాలి, జీపీఎస్ చూసి అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద తప్పులేకుండా రాయగలగాలి. నాలుగింటిలో ఏ ఒక్కటి రాకపోయినా నాలుగోసారి భీమిలి వెళ్ళండి. కాకినాడ ఎక్కడికీ పోదు.

3. ఒకరు నీళ్ళలో పడితే

జంటగా వెళ్ళేవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. నలుగురున్న పడవలో ఒకరు పడితే ఒకరు చూస్తూ వేలు చూపిస్తారు, ఒకరు నడుపుతారు, ఒకరు లాగుతారు. మీ పడవలో ఈ మూడూ చెయ్యడానికి ఒక్కరే మిగులుతారు.

అందుకే మొదటి సూత్రం, పడకుండా చూసుకోవడం. చీకటి పడ్డాక హార్నెస్ తగిలించుకోకుండా లోపలి నుంచి బయటికి అడుగు పెట్టకూడదు. రెండో మనిషి నిద్రలో ఉంటే చుక్కాని దగ్గర నుంచి కదలకూడదు. ముందుకి వెళ్ళి ఏదైనా సరిచెయ్యాల్సి వస్తే నిద్ర లేపాల్సిందే. "పాపం, ఇప్పుడే పడుకున్నారు" అని జాలిపడవద్దు. ఇంకోమాట, మగవాళ్ళు రాత్రి పూట అంచున నిలబడి మూత్రానికి వెళ్ళకూడదు. బకెట్ వాడండి. సిగ్గుపడి చెప్పకుండా వదిలేసే విషయం కాదిది.

పడితే ఏం చెయ్యాలో ఇలా సాధన చెయ్యండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్‌ని ముప్పాతిక నింపి, పాత లైఫ్ జాకెట్ తొడిగి, పగలు, గాలి తక్కువ ఉన్నప్పుడు నీళ్ళలోకి వెయ్యండి. ఆ తర్వాత ఒక్కరే:

- వెంటనే రింగు విసరాలి, జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టాలి.
- ఇంజిను వెయ్యాలి, కానీ ముందు నీళ్ళలో తాళ్ళు వేలాడుతున్నాయేమో చూడాలి.
- పడవని తిప్పి, గాలికి ఎదురుగా, క్యాన్‌ని పక్కన పెట్టుకునేలా నెమ్మదిగా రావాలి.
- దగ్గరికి రాగానే ఇంజిన్ని న్యూట్రల్ చెయ్యాలి. నీళ్ళలో మనిషి పక్కన ప్రొపెల్లర్ తిరగకూడదు.
- తాడు తగిలించి పైకి లాగాలి.

నాకు మొదటిసారి పద్నాలుగు నిమిషాలు పట్టింది. రెండుసార్లు క్యాన్‌ని దాటి వెళ్ళిపోయాను. ఏడెనిమిది సార్లయ్యాక ఐదు నిమిషాలకి వచ్చాను. అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. క్యాన్ పదిహేను కేజీలు, మా ఆయన డెబ్భై ఎనిమిది. తడిసిన బట్టలతో ఆయన్ని నేను పైకి లాగలేను. అందుకని తెర గెడకి కప్పీల తాడు కట్టాం. దాని కొక్కెం జాకెట్‌కి తగిలిస్తే, బావిలో బిందె తోడినట్టు కొంచెం కొంచెంగా లాగొచ్చు. హార్బర్‌లో, ప్రశాంతమైన నీళ్ళలో, ఆయన నిజంగానే దిగారు, నేను లాగి చూశాను. మీరూ క్యాన్‌తో ఆపేయకుండా మనిషితో చేసి చూడండి. బరువు తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ ఉన్నవాళ్ళని లాగగలిగితేనే ఈ మెట్టు దాటినట్టు.

4. కాగితాలు, కబురు

పడవ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, రేడియో లైసెన్సు, ఇద్దరి ఆధార్ కార్డులు. ఒరిజినల్స్ నీళ్ళు చొరని కవర్లో పెట్టి, జిరాక్సులు ఇంట్లో ఉంచండి. ఎప్పుడు బయల్దేరేదీ, ఎటు వెళ్ళేదీ పోర్టుకి, మెరైన్ పోలీసులకి, కోస్ట్‌గార్డ్‌కి ముందుగానే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మన ఊళ్ళో తూర్పు నౌకాదళం ఉంది. చెప్పకుండా తిరిగే పడవని ఆపి అడుగుతారు, అడగాలి కూడా. నేవీ ప్రాంతం దగ్గర ఫోటోలు తియ్యకండి, డ్రోన్ అసలే ఎగరెయ్యకండి. ఫైరింగ్ ప్రాక్టీసు ఉందేమో కూడా ఇక్కడే అడిగి తెలుసుకోండి.

ఇంట్లోవాళ్ళకి ఇచ్చే కాగితం ఇంకా ముఖ్యం. మేం మా మరిదికి ఇస్తాం. అందులో పడవ పేరు, రంగు, బయల్దేరే టైము, చేరాల్సిన టైము, ఇద్దరి ఫోన్ నంబర్లు, ఈ వాక్యం: "ఉదయం 11 గంటలకి మా నుంచి కబురు రాకపోతే 1554కి ఫోన్ చెయ్యి." అది కోస్ట్‌గార్డ్ నంబరు. మెరైన్ పోలీసులది 1093. ఇలా గడువు రాయకుండా "చేరాక ఫోన్ చేస్తాం" అని మాత్రమే చెప్పి వెళ్తే, ఇంట్లోవాళ్ళు సిగ్నల్ లేదేమో అనుకుంటూ సాయంత్రం దాకా ఆగుతారు.

5. వెళ్ళాలా, ఆగాలా

బయల్దేరే ముందు మూడు రోజులు ఉదయం, సాయంత్రం వాతావరణ శాఖ తీరప్రాంత సూచన, ఇన్‌కాయిస్ (హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళ సముద్ర స్థితి సూచన చూసి నోట్‌బుక్‌లో రాయండి. మేం పాటించే హద్దులు ఇవి: అల ఎత్తు ఒకటింపావు మీటరు దాటితే వెళ్ళం. గాలి గంటకి 25 కిలోమీటర్లు దాటుతుందంటే వెళ్ళం. బంగాళాఖాతంలో ఎక్కడైనా అల్పపీడనం అన్న మాట వినిపిస్తే, అది అండమాన్ దగ్గర ఉన్నా సరే, వెళ్ళం. పోర్టులో ఒకటో నంబరు ఎగరేసినా అంతే.

ఒడ్డున గాలి లేదు కదా అని మోసపోకండి. ఎక్కడో దూరాన పుట్టిన అల గాలి లేని రోజున కూడా వస్తుంది. రాసుకున్న అంకెలకీ, ఆ రోజు ఆర్కే బీచ్‌లో కంటికి కనిపించే కెరటానికీ పోలిక ఉందా లేదా అన్నది పదిసార్లు చూస్తే మీకే అంచనా కుదురుతుంది.

మా ఇంట్లో ఇంకో నియమం ఉంది. ఇద్దరిలో ఎవరు "వెనక్కి" అన్నా పడవ తిరగాలి. కారణం ఒడ్డు చేరాక అడగొచ్చు. ఒకసారి గంగవరం దాటకముందే నాకు ఎందుకో గుండెల్లో గుబులుగా ఉండి ఆ మాట అన్నాను. మా ఆయన ఒక్క ప్రశ్న వెయ్యకుండా చుక్కాని తిప్పారు. హార్బర్‌కి వచ్చి చూస్తే ఏమీ లేదు, వాతావరణం కూడా బాగానే ఉంది. అయినా ఆయన దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు వాదించి ఉంటే తర్వాత ఎప్పుడైనా నిజంగా అవసరమైనప్పుడు నేను నోరు మెదిపేదాన్ని కాదు.

6. ముందు రోజు పనులు

డీజిల్: మా ఇంజిను గంటకి సుమారు రెండు లీటర్లు తాగుతుంది. కాకినాడకి 75 నాటికల్ మైళ్ళు అనుకుంటే పదిహేను గంటలు, ముప్పై లీటర్లు. మేం తొంభై తీసుకెళ్తాం. మూడోవంతు వెళ్ళడానికి, మూడోవంతు అవసరమైతే వెనక్కి రావడానికి, మూడోవంతు ముట్టుకోకుండా ఉంచడానికి. గాలి ఉంటుంది కదా అని ఇందులో తగ్గించకండి.

గ్యాస్: ఐదు కేజీల చిన్న సిలిండర్ చాలు. ట్యూబుకి సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పడవ అడుగున చేరి కూర్చుంటుంది, బయటికి పోదు. వంట అవగానే స్టవ్ దగ్గర కాకుండా సిలిండర్ దగ్గరే కట్టేయాలి. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో పదుల బోట్లు కాలిపోయాయి. పక్కపక్కనే కట్టి ఉన్న బోట్లలో నిప్పు ఎంత వేగంగా పాకుతుందో మేం ఒడ్డున నిలబడి చూశాం. అప్పటి నుంచి మా పడవలో అగ్నిమాపక సిలిండర్లు రెండు, ఒకటి తలుపు దగ్గర, ఒకటి బయట.

నీళ్ళు: ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, వాటికి తోడు లీటరు సీసాలు ఒక డజను. అన్నీ ఒకే ట్యాంకులో పోస్తే, అందులో ఉప్పునీళ్ళు చేరితే మొత్తం పోయినట్టే.

తిండి: మొదటి రోజు వంట పెట్టుకోకండి. నిమ్మకాయ పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు, ఫ్లాస్కులో టీ. అల్లం మురబ్బా జేబులో ఉంచుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకుంటే అది లోపల నిలవదు. డాక్టర్ని అడిగి, బయల్దేరడానికి గంట ముందే వేసుకోండి. ఆ మాత్రలు కొందరికి నిద్ర తెప్పిస్తాయి, కాబట్టి ఇంట్లో ఉన్న రోజున ఒకసారి వేసుకుని చూడండి. ఇద్దరూ ఒకేసారి మగతలో ఉంటే చుక్కాని పట్టేవాళ్ళు ఉండరు.

7. బయల్దేరడం, రాత్రి, వలలు

మధ్యాహ్నం మూడున్నరకి తాడు విప్పండి. వెలుగుండగానే ఓడల దారి దాటేస్తారు, తెల్లవారాక కాకినాడ చేరతారు. కొత్తచోటికి చీకట్లో చేరకూడదు, అందుకే ఈ టైము. ముందే చేరేలా ఉంటే తెర తగ్గించి నెమ్మదిగా వెళ్ళండి.

హార్బర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు రేడియో 16వ ఛానల్ తెరిచి ఉంచండి, ఓడల దారిని సరిగ్గా అడ్డంగా కోస్తూ, వీలైనంత తొందరగా దాటండి. తెరచాప ఉన్నవాళ్ళకి దారి ఇవ్వాలనే రూలు పుస్తకంలో ఉంది కానీ ఇరుకు దారిలో వచ్చే పెద్ద ఓడకి అది వర్తించదు. అది పక్కకి తప్పుకోలేదు కూడా. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటాక ఒడ్డుకి నాలుగైదు నాటికల్ మైళ్ళ దూరంలో నైరుతికి తిరగండి. యారాడ కొండలు, గంగవరం ముందు లంగరేసిన ఓడలు, తర్వాత స్టీల్‌ప్లాంట్ వెలుగు కుడివైపు వరసగా వస్తాయి.

కాపలా మూడు గంటలకి ఒకసారి మారాలి. మారేటప్పుడు నాలుగు మాటలు చెప్పాలి: ఎక్కడ ఉన్నాం, ఎటు వెళ్తున్నాం, చుట్టూ ఏ లైట్లు ఉన్నాయి, గాలి ఎలా మారుతోంది. అవతలి మనిషి వాటిని తిరిగి చెప్పాలి. నిద్రమత్తులో "ఊఁ" అంటే కుదరదు.

లైట్లు చదవడం రావాలి. దీపాల తోరణంలా ఒళ్ళంతా వెలుగుతూ కదలకుండా ఉన్నది లంగరేసిన ఓడ. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపిస్తే అది నేరుగా మీ మీదికే వస్తోంది. ఏ లైటునైనా దిక్సూచితో చూసి అంకె రాసుకోండి, ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. అంకె మారకుండా లైటు పెద్దదవుతుంటే గుద్దుకుంటారని అర్థం, వెంటనే దారి మార్చండి.

ఇక వలలు. మన తీరంలో రాత్రి ప్రయాణానికి అసలు కష్టం ఇదే. సోనా బోట్లకి (పెద్ద మరబోట్లకి) లైట్లు ఉంటాయి. చిన్న ఫైబర్ బోట్లకి ఒక్క టార్చి మాత్రమే ఉంటుంది, వాళ్ళ వల కిలోమీటరు దాటి పరుచుకుని ఉంటుంది, దాని కొసన ఒక థర్మోకోల్ ముక్క, ఒక జెండా.

మా మొదటి ప్రయాణంలో రాత్రి ఎనిమిదింటికి పూడిమడక ఎదురుగా వెళ్తున్నాం. గాలి పడిపోయి ఇంజిను మీద ఉన్నాం. కుడివైపు ఎవరో టార్చి అటూ ఇటూ ఊపారు. పలకరిస్తున్నారనుకుని మా ఆయన మా టార్చి తిరిగి ఊపారు. రెండు నిమిషాలకి ఇంజిను మూలిగి ఆగిపోయింది. చీకట్లోంచి ఒక గొంతు: "ఇంజిను ఆపీండి బాబూ! వల మీదకొచ్చీసినారు!"

ఫైబర్ బోటు పక్కకి వచ్చింది. అందులో ముగ్గురు, తండ్రీ ఇద్దరు కొడుకులూ. పెద్దాయన కోపంగానే వచ్చాడు. నన్ను చూసి "అమ్మా, నువ్వు కూడా ఉన్నావేటి?" అని గొంతు తగ్గించాడు. చిన్నకొడుకు కత్తి నోట కరిచి నీళ్ళలో దిగాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఆకుపచ్చ నైలాన్ వల ప్రొపెల్లర్ చుట్టూ తాడు పేనినట్టు బిగుసుకుపోయి, వేడికి అక్కడక్కడా కరిగి గట్టిపడింది. ఒక్కొక్క పోగూ కోస్తూ అరగంట పట్టింది. పైకొచ్చాక ఆ అబ్బాయి మోచేతులు గీరుకుపోయి రక్తం. ఆయన తెగిన వల ముక్కని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఒక్క మాట అనలేదు. వల డబ్బు ఇస్తే మొదట వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి: టార్చి ఊపితే "ఇటు రావద్దు, ఇక్కడ వల ఉంది" అని. వెంటనే ఇంజిను న్యూట్రల్ చేసి ఆగండి. టార్చి ఏ వైపు తోస్తున్నట్టు ఊపుతున్నారో చూసి ఆ వైపుకి వెళ్ళండి. అర్థం కాకపోతే కేకేసి అడగండి. వల చుట్టుకుంటే ఇంజిన్ని రివర్స్‌లో తిప్పి వదిలించాలని చూడకండి, ఇంకా బిగుస్తుంది. అల ఉన్నప్పుడు మీరు దిగకండి, పడవ అడుగు తలకి తగులుతుంది. తెరతో నెమ్మదిగా వల నుంచి దూరంగా జరిగి, లేదా లంగరు వేసి, సాయం అడగండి. తప్పు మీదైతే వల ఖరీదు ఇచ్చెయ్యండి. అది వాళ్ళ పొలం.

8. కాకినాడ బేలోకి

ఉప్పాడ దగ్గర ఒడ్డు ఏటా కోతకి గురవుతోంది. పాత మ్యాపులో ఉన్న ఒడ్డు అక్కడ ఉండకపోవచ్చు, అందుకని దూరంగానే రండి. వాకలపూడి లైట్‌హౌస్ గుర్తుపట్టి, పోర్టుకి వెళ్ళే ఓడల దారికి పక్కగా, లోతు మీటరు మీద కన్నేసి లోపలికి రండి. తూర్పున పొడవుగా సాగిన ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. బంగాళాఖాతం అలల్ని అదే అడ్డుకుంటుంది. దాని వెనక్కి రాగానే పడవ ఊగడం ఆగిపోవడం ఒళ్ళంతటికీ తెలుస్తుంది. దక్షిణానికి పోయేకొద్దీ లోతు తగ్గిపోతుంది, బురద. మీటరు చూపించే లోతు మీ పడవ మునిగే భాగానికి రెండింతలకి తగ్గితే ఆగిపోండి. దీవి మీద అనుమతి లేకుండా దిగకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆ ఇసుకలోకే.

లంగరుకి లెక్క: నీటి లోతు నాలుగు మీటర్లు, పోటుకి ఇంకో ఒకటిన్నర, నీటి నుంచి అణియం దాకా ఒకటి. మొత్తం ఆరున్నర. దానికి ఆరు రెట్లు, అంటే సుమారు నలభై మీటర్లు వదలాలి. ఎక్కువమంది నీటి లోతుకి మాత్రమే లెక్కేసి ఇరవై నాలుగు వదులుతారు. పాటులో బాగానే ఉంటుంది, అర్ధరాత్రి పోటుకి పడవ జారుతుంది.

లంగరు వేసేటప్పుడు కేకలు వేసుకోకండి. ఇంజిను చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడక, గొంతు పెంచి, దాన్ని తిట్టుగా తీసుకుని గొడవపడ్డ జంటల్ని చాలామందిని చూశాను. మేమూ పడ్డాం. చేతి సైగలు నాలుగు పెట్టుకోండి: ముందుకి, వెనక్కి, ఆపు, అయిపోయింది. ఇంట్లో హాల్లో నిలబడి ప్రాక్టీసు చెయ్యండి.

పట్టిందో లేదో ఇలా చూడండి. వెనక్కి నెమ్మదిగా ఇంజిను వేసి, లంగరు తాడు మీద అరచెయ్యి పెట్టండి. గరగరలాడుతూ వణికితే లంగరు నేల మీద ఈడ్చుకుపోతోంది. నిలకడగా బిగుసుకుంటే పట్టినట్టు. తర్వాత ఒడ్డున ఒకదాని వెనక ఒకటి వరసలో ఉన్న రెండు గుర్తులు ఎంచుకోండి. భీమిలిలో మేం లైట్‌హౌస్‌నీ, పావురాలకొండనీ పెట్టుకుంటాం. అరగంట తర్వాత ఆ వరస చెదిరితే మీరు జారుతున్నారు. గాలికి పడవ మామూలుగా తిరగడం వేరు, తిరిగి అదే వరసకి వస్తుంది. అనుమానం ఉంటే మళ్ళీ తీసి వెయ్యండి. ఎంత అలసిపోయినా సరే.

9. చేరాక

ముందు ఇంటికి ఫోన్. మీరు గడువు రాసిచ్చిన మనిషికే చెయ్యాలి. మా మరిది "చేరారా వదినా?" అని అడిగి, ఆ కాగితం మీద టైము రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపుతాడు. ఆ ఫోటో వచ్చేదాకా పని అయిపోయినట్టు కాదు. పోర్టుకి, మెరైన్ పోలీసులకి కూడా చేరినట్టు చెప్పండి.

పడవ అడుగున నీళ్ళు ఎన్ని చేరాయో చూసి నోట్‌బుక్‌లో రాయండి. బయల్దేరేటప్పటి కన్నా ఎక్కువ ఉంటే నాలుక మీద ఒక చుక్క వేసుకోండి. ఉప్పగా ఉంటే ఎక్కడో కారుతోంది, తిరుగు ప్రయాణం లోపు వెతికి పట్టుకోవాలి. తియ్యగా ఉంటే మీ తాగునీటి క్యానే.

తర్వాత ఒకరు పడుకోండి. మొదటి రెండు గంటలు రెండోవాళ్ళు మెలకువగా ఉండి, ఆ గుర్తుల వరస చూస్తూ ఉండాలి.